ఆరు ఆంపియర్ల ఇంట్లో గ్రాఫిక్స్ కార్డు

కంటి శుక్లాలు తీయించుకుని కట్టు విప్పిన రోజున హాతిఫ్ రెండు సంగతులు కనిపెట్టాడు. ఒకటి, భార్య బద్రియా జుట్టులోని ఎరుపు గోరింటాకుది కాదు, డబ్బాలో అమ్మే రంగుది. రెండోది, తను రోజూ తోలే బస్సుకు పక్క అద్దాలు లేవు. తెలివి తక్కువై రెండింటినీ ఒకే పూట పైకి అనేశాడు. మొదటిదానికి మూడు రోజులు చల్లారిన కూడు తిన్నాడు. రెండోదానికి పడిన పాట్లు చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఆ బస్సు కంప్యూటర్‌లోది. అసలు బస్సును అతను ముప్పై నాలుగేళ్లు తోలాడు, బగ్దాద్ నుంచి బస్రాకు, బస్రా నుంచి బగ్దాద్‌కు. ఆ రోడ్డు మీద ప్రభుత్వాలు మారాయి, యుద్ధాలు వచ్చిపోయాయి, నోట్ల మీద బొమ్మలు మారాయి. కూత్ దాటాక వచ్చే గుంతలు మాత్రం ఎవరొచ్చినా తమ ఉద్యోగాల్లో తాము ఉన్నాయి. హాతిఫ్ అంటే అరబ్బీలో టెలిఫోను అని కూడా అర్థం. వీధిలో ఒక్క ఇంటికీ టెలిఫోను లేని రోజుల్లో తండ్రి పెట్టిన పేరది. అసలు టెలిఫోను వచ్చాక తల్లి రెండింటినీ పోల్చి చూసి, "దీన్నైతే కనీసం కింద పెట్టేయొచ్చు" అందట.

మోకాళ్లు మొరాయించి ఉద్యోగం నుంచి దిగిపోయాక ఇంట్లో అతని చేతులు ఊరుకోలేదు. వంటింటి కుళాయి బాగుచేశాడు, అది పాడైంది. దాన్ని మళ్లీ బాగుచేశాడు, గోడ తడిసింది. కొడుకు గజ్వాన్ బస్రా రేవులో క్రేను నడుపుతాడు. పెళ్లయి అక్కడికి కాపురం మార్చేటప్పుడు తన పాత కంప్యూటర్ వదిలి, అందులో బస్సు తోలే ఆట పెట్టి వెళ్లాడు. "అమ్మా, కుళాయికి ఇదే మందు" అన్నాడు.

మందు పనిచేసింది. ఆ ఆటలో బగ్దాద్–బస్రా పాత రోడ్డును ఊరూ వాడా గుర్తుపట్టేలా గీసి పెట్టినవాడు హిల్లాలో ఉండే దియా అనే వ్యవసాయ ఇంజనీరు. రోజూ సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ఏడెనిమిది మంది ఎవరి ఇళ్ల నుంచి వాళ్లు బస్సులు తీసి, ఒకరి వెనక ఒకరు వరస కడతారు. దారి పొడవునా మాట్లాడుకుంటారు. వాళ్లలో నిజంగా స్టీరింగు పట్టి బతికినవాళ్లు ఇద్దరే. ఒకడు హాతిఫ్, రెండోవాడు ఎర్బిల్ పక్కన అంకావాలో ఉండే బెహ్నామ్. ఈ రెండోవాడు మోసూల్ బస్సు తోలినవాడు, నోరున్నవాడు.

"బస్రా రోడ్డూ ఒక రోడ్డేనా! స్కేలు పెట్టి గీసిన గీత. గాడిదని స్టీరింగు ముందు కూర్చోబెట్టినా చేరుతుంది" అనేవాడు బెహ్నామ్.

"చేరింది నాయనా, ముప్పై నాలుగేళ్లు చేరింది" అని వంటింట్లోంచి బద్రియా జవాబు చెప్పేది.

అలాంటి బస్సుకు అద్దాలు లేవని కళ్లు బాగయ్యాక గానీ తెలియలేదు. అద్దాలుండాల్సిన చోట రెండు నల్లటి మచ్చలు. హాతిఫ్ వెంటనే కొడుక్కి ఫోన్ చేశాడు.

"నేనే ఆపేశాను నాన్నా" అన్నాడు గజ్వాన్. "అద్దాలు పెడితే ఆ గ్రాఫిక్స్ కార్డు రోడ్డుని మూడుసార్లు గీయాలి. ముందొకటి, కుడి అద్దంలో ఒకటి, ఎడమ అద్దంలో ఒకటి. అంత ఓపిక లేదు దానికి. ముసలిది."

"ఐదేళ్లుగా అద్దాల్లేని బస్సు తోలిస్తున్నావట్రా నా చేత!"

"నీకు కనబడలేదు కదా."

"నా లైసెన్సు ముఖం ఎవడు చూస్తాడ్రా ఇప్పుడు?"

పట్టుదలకు పోయి అద్దాలు పెట్టి చూశాడు. బస్సు పెళ్లికూతురిలా అడుగు తీసి అడుగు వేసింది. వెనకనుంచి ఎవరో గుద్దారు. ఎవరన్నది ఆ కుదుపుల్లో తెలియనే లేదు. ఇక కొత్త కార్డు కొనక తప్పదని తేల్చుకున్నాడు.

సలహాలకేం కొదవ? గజ్వాన్ మెమరీ ఎక్కువున్నది తీసుకోమన్నాడు. దియా సరికొత్త రకం తీసుకోమన్నాడు. క్షౌరం చేసేవాడైతే గెడ్డం సగంలో ఆపి, ఏది కొన్నా ఎరుపు దీపాలున్నది కొనమన్నాడు. అందరికంటే పనికొచ్చే మాట చెప్పింది జనరేటరు సబ్తీ.

బగ్దాద్‌లోని జాఫరానియాలో వాళ్ల వీధికి సబ్తీయే రెండో ప్రభుత్వం. సర్కారు కరెంటు పోగానే వీధి చివర అతని జనరేటరు దడదడలాడుతుంది. హాతిఫ్ ఇంటికి నెలనెలా డబ్బు కట్టి కొనుక్కునేది ఆరు ఆంపియర్లు. వాటిని బద్రియా ఎప్పుడో పంచేసింది: ఫ్రీజర్‌కు, గడ్డి కూలర్‌కు, ఫ్యాన్లకు, దీపాలకు పోగా మొగుడి ఆటకు ఒకటిన్నర. ఆ పంపకం మీద అప్పీలు లేదు.

"ఆరు దాటిందా, స్తంభం మీద మీ బ్రేకర్ పడిపోద్ది" అన్నాడు సబ్తీ, నూనె చేతులు తుడుచుకుంటూ. "కార్డు ఎంత బాగా గీస్తుందన్నది తర్వాత సంగతి. ఎంత తింటుందో అడుగు ముందు. కోడల్ని తెచ్చుకునేటప్పుడు కూడా మా అమ్మ ఇదే అడిగింది."

మర్నాడు హాతిఫ్ కంప్యూటర్ కొట్లుండే సినాఆ వీధికి వెళ్లాడు. కంప్యూటర్ పెట్టెలో ఎంత పొడుగు కార్డు పడుతుందో జానతో కొలుచుకుని, ఒక జానా నాలుగు వేళ్లు అని మనసులో అనుకుంటూ వ్యాను దిగాడు. మెట్ల పక్కనున్న కొట్టులో మున్తదర్ అనే నూనె జుట్టువాడు ఎదురొచ్చాడు.

"రండి హాజీ, రండి! చల్లని నీళ్లు తాగుతారా?"

"నేను హజ్ చెయ్యలేదు. నా బస్సు చేసింది, రెండుసార్లు."

"అయితే బస్సుకి మిగిలిన పుణ్యం మీకే. ఇదిగో, మీలాంటి పెద్దమనిషి కోసమే దాచాను." కౌంటరు కింద నుంచి ఒక వాడిన కార్డు తీశాడు. "ఓ డాక్టరమ్మ వాడింది. ఉత్తరాలు రాసుకోవడానికి తప్ప ముట్టుకోలేదు."

హాతిఫ్ నవ్వు ఆపుకున్నాడు. వాడిన బండి అమ్మిన ప్రతివాడూ అది పంతులమ్మ బండేనని, బడికి తప్ప పోలేదని చెప్పగా విన్న మనిషి. కార్డు అందుకుని దీపం కింద తిప్పాడు. మరల తలలు అరిగిపోయి ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కొండెక్కుతూ ఉడికిపోయిన ఇంజను వాసన.

"ఈ డాక్టరమ్మ పగలూ రాత్రీ ఉత్తరాలు రాసినట్టుంది" అన్నాడు. "మూడుసార్లు విప్పారు దీన్ని. మధ్యలో ఆగకుండా ఏళ్ల తరబడి తోలారు."

మున్తదర్ ముఖం ఏమాత్రం మారలేదు. మూడు ఫ్యాన్ల కొత్త కార్డు తీసి, పాపాయిని చూపినట్టు రెండు చేతులతో చూపాడు. "ఇది పెట్టుకుంటే ఎదురు బస్సు డ్రైవరు మీసం కూడా లెక్కపెట్టొచ్చు."

"ఎన్ని ఆంపియర్లు తింటుంది?"

ఆ ప్రశ్న మున్తదర్‌ను ఎవరూ అడిగి ఉండలేదు. "పై అంతస్తులో తబారక్ ఉంది, ఇంజనీరు. ఆవిడకి తెలుస్తుంది" అన్నాడు.

తబారక్ ముప్పై దాటిన మనిషి. పై అంతస్తులో సొంత బల్ల వేసుకుని, కాలిపోయిన కార్డులకు ప్రాణం పోస్తుంది. హాతిఫ్ చెప్పిందంతా భూతద్దం కళ్లకు పెట్టుకునే వింది.

"బాబాయ్, మీ తెర ఎంత?"

"మామూలుది. ఇంత."

"పెట్టెలో చోటెంత?"

"జానా నాలుగు వేళ్లు."

"ఎవరి జాన? సరే, చెయ్యి చాపండి." స్కేలు పెట్టి కొలిచింది. "ఇంట్లో కరెంటు?"

"ఒకటిన్నర ఆంపియరు. ఆపైన మా ఆవిడ."

తబారక్ పకపకా నవ్వింది. "ఆ మూడు ఫ్యాన్లది పెడితే పెట్టె మొత్తం రెండున్నర లాగుతుంది. పైగా మీ ప్రాసెసర్ పాతది. ఈ కార్డు వేగాన్ని అది అందుకోలేదు. ఎద్దుబండికి లారీ ఇంజను పెట్టినట్టే. ఇంజనేం చేస్తుంది పాపం, ఎద్దుల వెనకాల నడుస్తుంది. మీకు మధ్యరకం కార్డు చాలు. రెండు ఫ్యాన్లది. అద్దాలు శుభ్రంగా కనిపిస్తాయి, ఆవిడా ఊరుకుంటుంది."

హాతిఫ్‌కు ఆ మాట నచ్చింది. మధ్యరకం కొందామనే మెట్లు దిగాడు. నాలుగో మెట్టు మీద ఫోను మోగింది. బస్సులవాళ్ల గుంపులోకి బెహ్నామ్ ఒక ఫొటో పంపాడు: అతని అరచేతుల్లో మూడు ఫ్యాన్ల కార్డు, కింద ఒక ముక్క. "మోసూల్ బస్సుకు కొత్త గుండె. బస్రా గాడిదలు పక్కకు తప్పుకోవలెను."

తర్వాతి మెట్లు హాతిఫ్ ఎలా దిగాడో అతనికే గుర్తు లేదు. పళ్ల సెట్టు కట్టించుకోవాలని దాచిన డబ్బుంది. ఎలాగూ కళ్లు కనిపిస్తున్నాయి, నమలడం ఎంతసేపు, అనుకున్నాడు. మూడు ఫ్యాన్ల కార్డూ, దానికి తగ్గ పవర్ సప్లై పెట్టె కూడా సంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

అదృష్టమనండి, దురదృష్టమనండి, ఆ రోజు బద్రియా ఇంట్లో లేదు. చెయ్యి విరిగిన చెల్లెల్ని చూడటానికి దోరాకు వెళ్లింది. మర్నాటికి గానీ రాదు. కార్డు జానా నాలుగు వేళ్లకు పట్టలేదు. లోపలున్న ఒక రేకును పటకారతో వంచి, పెట్టె తలుపు ఊడదీసి పక్కన పెట్టాడు. కరెంటు పోయింది, సబ్తీ జనరేటరు అందుకుంది, బస్సు కదిలింది, బ్రేకర్ పడింది. ఎండలో స్తంభం దాకా పోయి ఎత్తి వచ్చాడు. మళ్లీ పడింది. మూడోసారి సబ్తీ దూరం నుంచే చేతులు జోడించాడు.

ఇంట్లో ఏదో ఒకటి ఆపాలి. కూలర్ ఆపితే తను చస్తాడు. కళ్లు ఫ్రీజర్ మీద పడ్డాయి. మూత తెరవకపోతే గడ్డలా ఉంటుంది, రెండు గంటలకేమవుతుంది? ప్లగ్గు పీకేశాడు.

ఆ సాయంత్రం తోలినట్టు అతను జీవితంలో తోలలేదు. అద్దాల్లో వెనక బస్సులు, వాటి వెనక దుమ్ము, దుమ్ములో దిగుతున్న సూర్యుడు. బెహ్నామ్ ఆ రోజు రాలేదు, భయపడ్డాడనుకుని మరీ మురిసిపోయాడు. మధ్యలో సర్కారు కరెంటు వచ్చింది. హాయిగా లేచి, తిని, పడుకున్నాడు. ప్లగ్గు మాత్రం నేల మీదే పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం బద్రియా వచ్చి వంటింటి గడపలో చెప్పు విడిచేసరికి పాదం తడిసింది. ఫ్రీజర్ మూత ఎత్తింది. వేసవంతా వలిచి దాచిన బెండకాయలు నీళ్లలో ఈదుతున్నాయి. గజ్వాన్ వస్తాడని మాంసం కూరి చేసి పెట్టిన కుబ్బా ఉండలు ఒకదాన్నొకటి వాటేసుకుని ముద్దయ్యాయి. పాచా పులుసు కోసం తెచ్చిన గొర్రె తలకాయ కళ్లు తెరుచుకుని పైకి చూస్తోంది.

"ఏమయ్యో" అంది బద్రియా. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది హాతిఫ్‌కు. "ఇటు రా. దీని కళ్లలోకి చూసి చెప్పు, నాకు చెప్పొద్దు. దీనికి చెప్పు."

హాతిఫ్ గొర్రెకే చెప్పాడు. మొత్తం చెప్పాడు, పళ్ల డబ్బుతో సహా.

"ఆ డాక్టరు నీ కళ్లు బాగుచేసి నా కొంప ముంచాడు" అంది బద్రియా అంతా విని.

అడుగున ఇంకా గడ్డగా ఉన్నదంతా ఆ పూటే వండింది. పాడైంది పిల్లులకు పోయింది. వండింది మాత్రం గిన్నెల్లో సర్ది మొగుడి చేత ఇంటింటికీ పంపింది. ఒక షరతు పెట్టి. ఎందుకు పంచుతున్నావని ఎవరడిగినా నిజమే చెప్పాలి. హాతిఫ్ పద్నాలుగు గుమ్మాల ముందు నిలబడి పద్నాలుగుసార్లు చెప్పాడు. పదో ఇంటికి కథ ఎంత బాగా కుదిరిందంటే, లోపలి నుంచి ముసలమ్మను కూడా పిలిపించి మళ్లీ చెప్పించుకున్నారు. సబ్తీ రెండు గిన్నెలు తీసుకున్నాడు. "ఇంత రుచైన ఓవర్‌లోడు నేను చూళ్లేదు" అన్నాడు.

ఆ మర్నాడు పొద్దున్నే బద్రియా నల్ల అబాయా వేసుకుని, కార్డు పెట్టె చేత్తో పట్టుకుని, మొగుణ్ణి వెంటబెట్టుకుని సినాఆ వీధికి బయల్దేరింది. మున్తదర్ ఆమెను చూడగానే గోడమీది బోర్డు చూపించాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.

"మంచిది నాయనా, నీ రూలు నీది" అంది బద్రియా. కౌంటరు ముందున్న ఒకే ఒక్క స్టూలు లాక్కుని కూర్చుంది. "ఎండగా ఉంది, కాస్త కూర్చుని పోతాం."

కాసేపటికి ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు వచ్చి పెద్ద కార్డు అడిగారు. బద్రియా తల తిప్పి ప్రేమగా అడిగింది. "మీ ఇంట్లో ఎన్ని ఆంపియర్లు నాయనా? మీ అమ్మకి ఫ్రీజరుందా? అందులో ఏమేం పెట్టింది?" వాళ్లు ముఖముఖాలు చూసుకుని, అమ్మనడిగి వస్తామని వెళ్లిపోయారు. తర్వాత ఒక పెళ్లిళ్ల వీడియోలవాడు వచ్చాడు. అతనికి గొర్రె తలకాయతో సహా వినిపించింది. ఆ తర్వాత వచ్చినవాడు కొనడానికి రాలేదు, కథ వినడానికే వచ్చాడు. వీధిలో అప్పటికే పాకింది.

"ఉమ్ గజ్వాన్, నా బేరాలన్నీ పోతున్నాయి" అన్నాడు మున్తదర్, చెమట తుడుచుకుంటూ. ఉమ్ అంటే తల్లి; కొడుకు పేరు ఎప్పుడు తెలుసుకున్నాడో ఏమో.

"నేనేమన్నాను బాబూ? ఆంపియర్లు అడిగాను. అది నువ్వడగాల్సిన మాట."

మధ్యాహ్నపు జుహర్ బాంగు వినిపించేసరికి మున్తదర్ దిగొచ్చాడు. పెట్టె విప్పినందుకు కొంత పట్టుకుంటానన్నాడు, బద్రియా సరేనంది. కానీ ఈసారి కార్డు ఎంచేది మొగుడు కాదంది. పైనుంచి తబారక్‌ను పిలిపించింది.

తబారక్ రెండు మధ్యరకం కార్డులు పక్కపక్కన పెట్టింది. "రెండూ మీ ఒకటిన్నరలో సర్దుకుంటాయి ఖాలా. ఇది కొత్త రకం, మెమరీ తక్కువ. కానీ తెలివైంది. రెండు బొమ్మలు గీసి, మధ్యలో బొమ్మను తనే ఊహించుకుని పెట్టేస్తుంది. అది ఒక ఏడాది పాతరకం. మెమరీ ఎక్కువ, ఏదున్నా నిజంగా గీస్తుంది."

"అంటే మొదటిది సగం కల్పించి చెబుతుందన్నమాట" అంది బద్రియా.

"అందంగానే చెబుతుంది."

"అలాంటిది నాకు ఇంట్లో ఒకటుంది తల్లీ. రెండోది ఇయ్యి."

 తబారక్ ఆ కార్డును తన బల్ల మీద పెట్టి గంటసేపు పరుగెత్తించి, వేడి చూసి, మరలు చూసి చేతికిచ్చింది. మిగిలిన డబ్బు బద్రియా అబాయాలోకి పోయింది. తిరిగివచ్చే దారిలోనే మొగుణ్ణి పళ్ల డాక్టరు దగ్గర దించి కొలతలు ఇప్పించింది.

వంచిన రేకును మళ్లీ నిటారు చేస్తే కొత్త కార్డు జానలో జానగా కూర్చుంది. పెట్టె తలుపు కూడా పడింది. ఆ సాయంత్రం జనరేటరు మీద ఫ్రీజరు గురగురలాడుతూ ఉండగానే బస్సు కదిలింది. సూర్యుడి మెరుగు మొన్నటంత లేదుగానీ రెండు అద్దాల్లోనూ రోడ్డు గాజులా నిలిచింది. ఎడమ అద్దంలో బెహ్నామ్ బస్సు, పిచ్చి కుక్క తరిమినట్టు అటూ ఇటూ ఊగుతూ వస్తోంది.

"ఏమయ్యా మోసూల్ గుండె, ఆ ఊగుడేంటి?" అన్నాడు హాతిఫ్. "వెనకాల బస్సులు కనబడట్లేదా?"

ముందు అద్దంలో ఆ బస్సు వేగం తగ్గింది. తర్వాత బెహ్నామ్ గొంతు తగ్గించి అన్నాడు. "నాకు అద్దాలు లేవు హాతిఫ్."

"మరి మూడు ఫ్యాన్ల కార్డు?"

"మా అక్క కొడుకు కొట్టులోది. ఫొటో దిగి ఇచ్చేశాను."

హాతిఫ్ రోడ్డు పక్కకు బస్సు తీసి ఆపేశాడు. ఇంత మాటకు ఏం తిట్టు సరిపోతుందో వెతుక్కున్నాడు. తన పళ్ల డబ్బు, గొర్రె తలకాయ, పద్నాలుగు గుమ్మాలు, అన్నీ వరసగా నోటిదాకా వచ్చాయి. చివరికి, "పళ్లు లేకుండా తిట్టడం కష్టంగా ఉంది, వచ్చే వారం తిడతా. అంతదాకా నా వెనకాలే రా, నీ అద్దాలు కూడా నేనే చూస్తా" అన్నాడు. అలాగే నడిపించాడు. ఎవరొస్తున్నారో, ఎప్పుడు తప్పుకోవాలో దారి పొడవునా చెబుతూ పోయాడు. ఆ వారంలోనే బెహ్నామ్ కూడా రెండు ఫ్యాన్ల కార్డు కొన్నాడు. ఏది కొనాలో తబారక్ ఫోన్లో చెప్పింది.

బద్రియా అంతకు ముందు ఆ తెర వైపు చూసేదే కాదు. ఒకరోజు టీ ఇవ్వడానికొచ్చి అక్కడే నిలబడిపోయింది. బస్సు కూత్ దాటి అమారా వైపు పోతోంది. ఖర్జూరపు చెట్లు, పచ్చి ఇటుకల గోడలు, కాలవ మీద రేకుల వంతెన, ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి.

"ఆపు" అంది.

హాతిఫ్ బస్సు ఆపాడు. కుడివైపు ఒక పెట్రోలు బంకు, దాని వెనక ఖాళీ నేల.

"ఇక్కడ మా ఊరుండాలి" అంది బద్రియా. "వంతెన దిగగానే మా నాన్న రొట్టెల కొట్టు. పక్కన బార్బరు. ఎక్కడ మా ఊరు?"

"ఎవరో హిల్లావాడు గీశాడే. వాడికేం తెలుసు మీ ఊరు?"

"ఫోన్ కలుపు వాడికి."

దియా ఏదో బెండ పంట సర్వేలో ఉన్నాడట, పొలం గట్టు మీద నిలబడే మాట్లాడాడు. వంతెన నుంచి కొట్టుకి ఎన్ని అడుగులో బద్రియా చెప్పింది. తందూరు ఏ మూల ఉండేదో, దాని ముందు నిద్రపోయే పసుపు కుక్కకు ఏ చెవి తెగి ఉండేదో చెప్పింది. అరగంట దాటాక దియా నెమ్మదిగా, "ఖాలా, కుక్కని కదిలేలా పెట్టాలా, పడుకున్నట్టు పెట్టాలా?" అని అడగడం హాతిఫ్‌కు వినిపించింది.

"పడుకున్నట్టే పెట్టు" అంది బద్రియా. "అది ఎప్పుడు కదిలింది గనక!" తర్వాత టీ గ్లాసు మొగుడి చేతిలోంచి లాక్కుని తనే తాగుతూ, మసీదు గుమ్మం ఏ వైపుండేదో చెప్పడం మొదలుపెట్టింది. ఆగిపోయిన బస్సు పక్క అద్దాల నిండా మిగతా బస్సులన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడి హారన్లు కొడుతున్నాయి.